ఫొటోలో మనుషులు లేరా, పక్క సొరుగులో ఉన్నారా?

అమెరికా పడమటి ప్రాంతాల పాత ఫొటోల గురించి ఎక్కడ చర్చ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. ఆ రోజుల్లో ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోని గాజు ప్లేటు మీద కాంతి పడనివ్వడం, నిమిషాల కొద్దీ పట్టేదట, కదిలే మనుషులు ప్లేటు మీద పడేవాళ్లు కాదట, అందుకే ఆ కొండలూ లోయలూ నిర్మానుష్యంగా కనిపిస్తాయట. దీనికి ఎదురువాదం కూడా సిద్ధంగానే ఉంటుంది: ఫొటోగ్రాఫర్లు కావాలనే ఆదివాసుల్ని తప్పించి, ఎవరూ లేని నేల, రండి ఆక్రమించుకోండి అని లోకానికి చూపించారని. మొదటి మాట నేరాన్ని రసాయనం మీదికి నెడుతుంది, రెండోది కెమెరా పట్టుకున్నవాడి మీదికి.

రెండింటిలోనూ కొంత నిజం ఉంది కానీ అసలు సంగతి ఇంకోచోట ఉందని నా వాదన. 1860, 70 దశకాల్లో ఆ ఖాళీ తయారైంది ఎక్కువగా ఆఫీసు బల్ల దగ్గర. ఏ నెగటివ్ పెద్ద ఆల్బమ్‌లోకి వెళ్లాలి, ఏది చవక కార్డుగా అమ్ముడవాలి, కింద ఏం రాయాలి అని తేల్చింది అక్కడే. ఫొటోలు తీసినవాళ్లు మనుషుల్నీ తీశారు, బోలెడంతమందిని తీశారు. వాళ్ల బొమ్మలు నేల బొమ్మల పక్కన చేరలేదు, అంతే.

ప్లేటు ఆరేలోపు

ముందు రసాయనం సంగతి తేల్చుకోవాలి. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన వెట్ కొలోడియన్ పద్ధతే ఈ ఫొటోలన్నిటికీ ఆధారం. గాజుపలకను మెత్తటి రాతిపొడితో, ఆల్కహాల్‌తో వేలిముద్ర కూడా మిగలకుండా తుడవాలి. గన్‌కాటన్‌ను (ఆమ్లాల్లో నానబెట్టిన దూది) ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరిగించి, అయొడైడ్, బ్రోమైడ్ లవణాలు కలిపితే కొలోడియన్ అవుతుంది. పలకను ఒక మూల పట్టుకుని మధ్యలో కొలోడియన్ పోసి, వరసగా నాలుగు మూలలకీ పారించి, మిగిలినదాన్ని చివరి మూల నుంచి సీసాలోకి వంపుకోవాలి. వంపేటప్పుడు పలకను అటూ ఇటూ ఊపకపోతే చారలు కడతాయి. పొర బిగుసుకుని ఇంకా తడిగా ఉండగానే చీకటి డేరాలోకి తీసుకెళ్లి, 7 నుంచి 9 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో (దీన్నే సిల్వర్ బాత్ అంటారు) మూడు నాలుగు నిమిషాలు ముంచాలి. అప్పుడు హోల్డర్‌లో పెట్టుకుని కెమెరా దగ్గరికి పరుగు.

ఎక్స్‌పోజ్ చేశాక మళ్లీ డేరాలోకి పరుగు. అన్నభేది, ఎసిటిక్ యాసిడ్, కాస్త ఆల్కహాల్ కలిపిన డెవలపర్‌ను ఒక్క ఊపులో పలకంతా పరచాలి. మధ్యలో చెయ్యి ఆగితే ఆగినచోట గీత పడిపోతుంది, దాన్ని ఇక ఎవరూ చెరపలేరు. కాసేపటికి నీళ్లు పోసి ఆపి, హైపోలోనో పొటాషియం సైనైడ్‌లోనో ఫిక్స్ చేసి, కడిగి, ఆరబెట్టి, దీపం సెగన వార్నిష్ పొయ్యాలి. కొలోడియన్ పోసిన క్షణం నుంచి డెవలప్ చేసేదాకా చేతిలో ఉండేది పది పన్నెండు నిమిషాలు. నెవాడా ఎడారి ఎండలో అంత కూడా ఉండదు. చివరి మూల ఇంకా పారుతూ ఉండగానే మొదటి మూల ఆరిపోతుంది. దుమ్ము రేణువు పడితే తోకున్న మచ్చ వస్తుంది. ఎడారి ఊటల్లోని క్షారం సిల్వర్ బాత్‌లో కలిస్తే ప్లేటంతా మసకబారి ఫాగ్ కొడుతుంది. వాడగా వాడగా బాత్‌లో పేరుకునే ఈథర్, ఆల్కహాల్ మలినాలు పోవాలంటే దాన్ని గాజుసీసాలో పోసి ఎండలో పెట్టాలి. నల్లటి మడ్డి అడుక్కి దిగాక వడగట్టి మళ్లీ వాడుకోవాలి.

ఈ తంతు తెలిస్తే, పడమటి నేలల్ని కొలవడానికి ప్రభుత్వం పంపిన సర్వేల్లో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన టిమొతీ ఒసల్లివన్ 1867లో నెవాడాలోని కార్సన్ ఎడారిలో తీసిన ఇసుకదిబ్బల ఫొటో వేరేగా కనిపిస్తుంది. చుట్టూ తెల్లటి దిబ్బలు, మధ్యలో నాలుగు కంచరగాడిదలు కట్టిన బండి ఒంటరిగా నిలబడి ఉంటుంది. సైన్యం వాడే అంబులెన్స్ బండినే డార్క్‌రూమ్‌గా మార్చుకున్నాడు. బండి దగ్గర మొదలై అడుగుజాడలు నేరుగా మనవైపు, అంటే కెమెరా వైపు వస్తాయి. తడి ప్లేటు చేత్తో పట్టుకుని నడిచిన దారి అది. ఆ ఫొటో చూసి 'మనిషి అడుగు పడని ఎడారి' అనుకునేవాళ్లున్నారు. అడుగులు కళ్లెదుటే ఉన్నాయి.

ఇక ఎక్స్‌పోజర్. ఆ కాలంలో నెగటివ్ ఎంతుంటే ప్రింటు అంతే. తెల్లసొన పూసిన కాగితాన్ని నెగటివ్‌కి ఆనించి ఎండలో పెట్టి ప్రింటు తీసేవాళ్లు. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద గాజు కావాలి. ఫొటోగ్రాఫర్ కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకి మోసుకెళ్లిన మామత్ ప్లేట్లు 18×22 అంగుళాలవి. అంత గాజు 3 మిల్లీమీటర్ల మందం ఉంటే ఒక్కోటీ రెండు కిలోలకు దగ్గర తూగుతుంది. అంత పెద్ద ప్లేటు మీద ముందు రాయి నుంచి వెనక కొండ దాకా స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చెయ్యాలి, సెకన్లు కాస్తా నిమిషాలవుతాయి. జలపాతాలు పాలనురగలా రావడానికి కారణం అదే. ఆకాశం తెల్లగా ఉండటానికి కారణం వేరు. కొలోడియన్‌కి నీలి, ఊదా కాంతి మాత్రమే తెలుసు. కొండకి సరిపడా ఎక్స్‌పోజ్ చేసేసరికి ఆకాశం మితిమీరి పడుతుంది, మబ్బులు మాయమవుతాయి. మైబ్రిడ్జ్ లాంటి ఫొటోగ్రాఫర్లు మబ్బులకు వేరే నెగటివ్ తీసి కలిపి ప్రింటు వేసేవాళ్లు.

ఇదంతా నిజమే. కానీ స్టీరియో కెమెరా కథ వేరు. అది రెండు లెన్సులతో పక్కపక్కనే రెండు బొమ్మలు తీస్తుంది; వాటిని ఒక కార్డు మీద అతికించి ప్రత్యేక అద్దాల్లోంచి చూస్తే లోతు కనిపిస్తుంది. దాని లెన్సు చిన్నది, ప్లేటు చిన్నది, కాంతి త్వరగా పడుతుంది. 1859లోనే ఎడ్వర్డ్ ఆంథొనీ న్యూయార్క్ బ్రాడ్‌వే మీద నడుస్తున్న జనాన్నీ, కదిలే బండ్లనూ స్టీరియోలో పట్టేశాడు. వాట్కిన్స్ కూడా 1861లో 30 మామత్ ప్లేట్లతో పాటు దాదాపు వంద స్టీరియోలు తీశాడు. పైగా మనిషిని కాసేపు కదలకుండా నిలబడమంటే నిలబడతాడు. సర్వే ఫొటోల్లో బండ అంచున, శిథిలం పక్కన టోపీ పెట్టుకుని నిలబడే చిన్న ఆకారాలు కొల్లలు. కొండ ఎత్తు తెలియాలని వాళ్లని అలా నిలబెట్టేవాళ్లు. సర్వేవాడు నిలబడగలిగినచోట ఆ ఊరివాడు నిలబడలేడా? ఎక్స్‌పోజర్ వాదం ఇక్కడ ఆగిపోతుంది.

యోసెమిటీ మైదానం ఎవరిది

వాట్కిన్స్ వెళ్లడానికి పదేళ్ల ముందు, 1851లో, మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం ఆ లోయలో చొరబడింది. అక్కడి ఆదివాసులు అవానీచీలు, వాళ్ల పెద్ద తెనాయా. దళం ఇళ్లు తగలబెట్టింది, ఏడాది తిండికి దాచుకున్న ఓక్ గింజల నిలవలు తగలబెట్టింది. అంత జరిగినా వాళ్లు పూర్తిగా పోలేదు. తిరిగొచ్చారు, ఆ తరవాత హోటళ్లలో పనులు చేస్తూ లోయలోనే బతికారు. 1872లో మైబ్రిడ్జ్ యోసెమిటీలో తీసిన ఒక స్టీరియోలో చిత్రకారుడు ఆల్బర్ట్ బియర్‌స్టాట్ ఆదివాసుల్ని కూర్చోబెట్టుకుని బొమ్మ గీస్తూ కనిపిస్తాడు. అంటే మనుషులున్నారు, ఫొటోకి కూర్చున్నారు కూడా.

వాట్కిన్స్ మామత్ ప్రింట్లలో వాళ్లు లేరన్న మాట నిజం. అయితే వాళ్ల పని ఉంది. ఆ ప్రింట్లలో కొండల కింద విశాలమైన పచ్చిక, అక్కడక్కడ ఓక్ చెట్లు, మధ్యలో మెర్సెడ్ నది కనిపిస్తాయి. చూసినవాళ్లు దేవుడు వేసిన ఉద్యానవనం అని మురిసిపోయారు. ఆ పచ్చికను తెరిపిగా ఉంచింది అవానీచీలు పెట్టే చిన్నచిన్న మంటలు. కింద పొద కాలితే ఓక్ గింజలు ఏరుకోవడం తేలిక, బుట్టలు అల్లే కొమ్మలు నిటారుగా మొలుస్తాయి, వేటకు చూపు ఆనుతుంది. లోయ కాలిఫోర్నియా రాష్ట్రం చేతికొచ్చి ఆ మంటలు ఆగాక పైన్, సీడార్ మొక్కలు పచ్చికలోకి చొరబడ్డాయి. తరవాతి దశాబ్దాల్లో అవే చోట్ల నిలబడి తీసిన ఫొటోల్లో కొండలకి చెట్లు అడ్డం వచ్చేశాయి. 'ప్రకృతి సహజం' అని దేశమంతా మెచ్చుకున్నది ఒక సాగుభూమి ఫొటోని.

1864 జూన్ 30న లింకన్ సంతకం పెట్టిన, లోయను కాలిఫోర్నియాకి అప్పగించిన యోసెమిటీ చట్టం ఈ ఫొటోల వల్లే వచ్చిందని చెప్పుకుంటారు. అంత సూటిగా చెప్పడానికి ఆధారం పలచన. ఓడల కంపెనీకి చెందిన ఇజ్రాయెల్ రేమండ్ ఆ ఏడాది ఫిబ్రవరిలో సెనేటర్ జాన్ కానెస్‌కి ఉత్తరం రాస్తూ లోయ ఫొటోలు కొన్ని పంపాడు. ఫొటోల పాత్ర అంతమటుకే కనిపిస్తుంది. ప్రయాణికులు పెరిగితే ఓడలకూ లాభమే కదా! అదే వాట్కిన్స్ గనుల కంపెనీలకూ ఫొటోలు తీశాడు, భూమి తగాదాల్లో కోర్టు సాక్ష్యాలకూ తీశాడు. నీటి ధారతో కొండల్ని కోసేసే మలాకాఫ్ బంగారు గని ఫొటోలు యోసెమిటీ ఫొటోలంత అందంగానే ఉంటాయి. ఆయనకి ఇందులో వైరుధ్యం కనిపించినట్టు లేదు. కొన్నవాళ్లకీ కనిపించలేదు.

ఒకే యాత్ర, రెండు కేటలాగులు

నా వాదనకి గట్టి ఆధారం ఫొటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్ దగ్గర దొరుకుతుంది. 1871లో హేడెన్ నడిపిన ప్రభుత్వ సర్వేతో యెల్లోస్టోన్ వెళ్లాడు. పనిలో దిట్ట, తొందరైతే సామాను తాళ్లు విప్పడం దగ్గర్నుంచి నెగటివ్ తీసి మళ్లీ మూట కట్టేదాకా పదిహేను నిమిషాల్లో ముగించేవాణ్ణని చెప్పుకున్నాడు. వేడినీటి ఊటలు, గీజర్లు, లోయ ఫొటోలు వాషింగ్టన్ చేరాయి. 1872 మార్చి 1న యెల్లోస్టోన్ పార్కు చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం అక్కడ స్థిరపడేవాళ్లెవరైనా అక్రమంగా చొరబడ్డవాళ్ల కిందే లెక్క, వాళ్లని తొలగించాలి. ఐదేళ్లకే, 1877లో, సైన్యం తరుముతుంటే నెజ్ పెర్సె అనే ఆదివాసీ తెగ ప్రజలు పిల్లాపాపలతో ఆ పార్కు మధ్యనుంచే పారిపోయారు. దారీతెన్నూ లేని అడవి అనుకున్నచోట వాళ్లకి దారులు తెలుసు.

అదే 1871 యాత్రలో జాక్సన్ ఐడహోలోని మెడిసిన్ లాడ్జ్ క్రీక్ దగ్గర ఒక ఆదివాసీ కుటుంబాన్ని వాళ్ల గుడిసె ముందు కూర్చోబెట్టి ఫొటో తీశాడు. అదే కెమెరా, అదే రసాయనాలు, అదే జీతం. ఆ నెగటివ్ ఎక్కడికి వెళ్లిందో చూడండి. హేడెన్ సర్వే 1869 నుంచి 1875 వరకు తీసిన ఫొటోలకు జాక్సన్ ఒక కేటలాగు తయారుచేశాడు; కొండలు, నదులు, గీజర్లు అందులో వరసగా ఉంటాయి. 1877లో ఇంకో కేటలాగు వేశాడు, ఉత్తర అమెరికా ఇండియన్ల ఫొటోలది. అందులో వెయ్యికి పైగా నెగటివ్‌లు, తెగల వారీగా. నేల ఒక పుస్తకంలో, ఆ నేలమీది మనుషులు వేరే పుస్తకంలో.

రెండో కేటలాగులో ఉన్నవన్నీ జాక్సన్ తీసినవి కావు. ఒప్పందాల కోసం వాషింగ్టన్ వచ్చిన తెగల పెద్దల్ని స్టూడియోలో కూర్చోబెట్టి, ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసినవి చాలా ఉన్నాయి. వెనక కొండ లేదు, నది లేదు, స్టూడియో తెర ఉంది. ఏ నేల గురించి మాట్లాడటానికి వచ్చారో ఆ నేల తప్ప అన్నీ ఫ్రేములో ఉన్నాయి. ఈ సేకరణకి డబ్బు పెట్టినవాళ్లలో ముఖ్యుడు విలియం బ్లాక్‌మోర్ అనే ఇంగ్లీషు పెట్టుబడిదారు. ఆయన మరో వ్యాపారం కొలరాడో, న్యూ మెక్సికోల్లో భూముల బేరాలు. కుట్ర అనక్కర్లేదు, ఆయన రెండు పద్దులు విడివిడిగా రాసుకున్నాడు.

ఇదే పద్ధతి రైల్వేలోనూ కనిపిస్తుంది. 1869 మే 10న యూటాలో ప్రామంటరీ సమ్మిట్ దగ్గర రెండు రైలుమార్గాలు కలిసినప్పుడు ఫొటోగ్రాఫర్ ఎ. జె. రసెల్ పెద్ద ప్లేటు మీద తీసిన ఫొటో పాఠ్యపుస్తకాల్లో అందరూ చూసిందే: రెండు ఇంజన్లు ఎదురెదురుగా, సీసాలు పైకెత్తి కరచాలనాలు. పడమటి వైపు సెంట్రల్ పసిఫిక్ మార్గం వేసినవాళ్లలో అత్యధికులు చైనా కూలీలు. ఆ ఫొటోలో వాళ్లు కనబడరు. అదేరోజు అదే రసెల్ తీసిన ఒక స్టీరియోలో చివరి పట్టా దగ్గర చైనా కూలీలు పనిచేస్తూ ఉన్నారు. పెద్ద ప్లేటు చరిత్రకెక్కింది, చిన్న కార్డు చాలాకాలం పెట్టెల్లో ఉండిపోయింది.

మన దగ్గర అదే దశాబ్దంలో జరిగింది కూడా దీనికి దూరం కాదు. ఇంగ్లీషు ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్ 1863 నుంచి హిమాలయాల్లో కూలీల చేత సామాను మోయించుకుంటూ దృశ్యాలు తీశాడు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశ ప్రజల పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చువేసి, కులాల వారీగా, తెగల వారీగా మనుషుల్ని అతికించింది. సామ్రాజ్యాలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయని నేననను. ఫైళ్లు పెట్టే అలవాటు ఒకటే.

నా వాదనకి అడ్డొచ్చేవి

ఒసల్లివన్ దగ్గర నా లెక్క అంత తేలిగ్గా కుదరదు. లెఫ్టినెంట్ వీలర్ సర్వేలో 1873లో తీసిన కాన్యన్ డి షే లోయ (నావహో ఆదివాసుల నేల) శిథిలాల ఫొటో ఆయన తీసినవాటిలో ప్రసిద్ధమైనది. నిట్టనిలువు బండ, దాని మీద చారలు, మధ్యలో తొర్రలాంటి చోట తెల్లటి పురాతన ఇళ్లు. అదే యాత్రలో ఫోర్ట్ డిఫయన్స్ దగ్గర నావహో స్త్రీలు మగ్గం ముందు కూర్చున్న ఫొటో కూడా తీశాడు. ఈ రెండూ వీలర్ సర్వే పంచిన ఒకే ఆల్బమ్‌లో చేరాయి. నేలనీ మనిషినీ విడదీశారన్న నా మాట ఇక్కడ చెల్లదు.

కానీ కింద రాసింది చదవండి. శిథిలాల ఫొటో కింద ఉన్నది, ఆ ఇళ్లు ఇప్పటి లోయ అడుగు నుంచి 50 అడుగుల ఎత్తున ఉన్నాయని. తొమ్మిదేళ్ల కిందట, 1864లో, కిట్ కార్సన్ పంపిన సైన్యం అదే లోయలో చొచ్చుకెళ్లింది. పంటల్ని తగలబెట్టి, పీచ్ తోటల్ని నరికి, వేలమంది నావహోల్ని వందల మైళ్లు నడిపించి బోస్కే రెడొండోలో నిర్బంధించింది. 1868 ఒప్పందం తరవాతే వాళ్లు తిరిగొచ్చారు. ఆ సంగతి ఒక్క అక్షరం లేదు. శిథిలం పురాతనమైనదని చెప్పారు, పక్కనే ఉన్న కొత్త శిథిలాల ఊసెత్తలేదు. ఎత్తు కొలిచి రాసిన శ్రద్ధ అంతటితో ఆగిపోయింది.

శీర్షికలతో ఇంకా ఘోరాలు జరిగాయి. 1873లో మోడాక్ తెగకీ అమెరికా సైన్యానికీ జరిగిన యుద్ధంలో మైబ్రిడ్జ్ బండరాళ్ల మాటున తుపాకీ గురిపెట్టిన ఒక యోధుణ్ణి ఫొటో తీసి, పోరాటంలో ఉన్న మోడాక్ వీరుడని అమ్మాడు. అతను మోడాక్ కాదు, అమెరికా సైన్యం తరఫున పనిచేస్తున్న వార్మ్ స్ప్రింగ్స్ స్కౌట్. ఫొటో నిజమైనదే, అబద్ధమంతా కింది గీతలో ఉంది.

కెమెరా దగ్గర మోసాలే జరగలేదని కూడా అనలేం. యూటాలో 1869లో ఒసల్లివన్ తీసిన విచెస్ రాక్స్ బండలు భయంకరంగా పక్కకి వాలి ఉంటాయి. 1970ల చివర్లో మార్క్ క్లెట్ బృందం సరిగ్గా అదేచోట కెమెరా పెట్టి మళ్లీ తీస్తే తేలిందేమిటంటే, ఒసల్లివన్ కెమెరానే వాల్చాడు. జాక్సన్ 1873లో కొలరాడోలో తీసిన శిలువ పర్వతం ఫొటోలో మంచు శిలువ కుడిచెయ్యి తరవాతి ప్రింట్లలో చక్కగా పూడింది, అది చేతిపని. ఇలాంటివి సరదాగా చెప్పుకోవచ్చు కానీ ఎవరి భూమి ఎవరికి దక్కిందన్న ప్రశ్నలో వీటి బరువు తక్కువ.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఈ పెద్ద ప్రింట్లను అసలు ఎంతమంది చూశారు? ఫొటోను నేరుగా పత్రికలో అచ్చువేసే హాఫ్‌టోన్ వాడుకలోకి వచ్చింది 1880ల తరవాతే. అంతకుముందు జనం చూసింది చెక్కమీద చెక్కిన నకళ్లు, లేదా స్టీరియో కార్డులు. సర్వే ఆల్బమ్‌లు వెళ్లింది కాంగ్రెస్ సభ్యులకి, అధికారులకి. సర్వేలు నడిపిన కింగ్, హేడెన్, వీలర్, పొవెల్ నిధుల కోసం ఒకరితో ఒకరు పోటీపడుతున్న కాలం అది. 1879లో అన్నిటినీ కలిపి జియలాజికల్ సర్వే చేసేదాకా ఆ పోటీ సాగింది. ఒసల్లివన్ అయితే 1882లో క్షయతో పోయాక దాదాపు మరుగున పడ్డాడు. తరవాతి కాలపు ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ దగ్గరున్న వీలర్ ఆల్బమ్ ద్వారా న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దృష్టిలో పడి, 1942 ప్రదర్శనతో మళ్లీ వెలుగులోకి వచ్చాడు. కాబట్టి ఈ ఫొటోలు 19వ శతాబ్దపు జనాభిప్రాయాన్ని మలిచాయన్న మాటని సగానికి తగ్గించుకోవాలి. కాంగ్రెస్‌లో చట్టాలకి ఓటు వేసే కొద్దిమంది చేతుల్లోకి వెళ్లాయి, అది మాత్రం చిన్న విషయం కాదు. మిగతా ఖ్యాతి మ్యూజియం గోడలు ఇచ్చింది. శీర్షికలు కత్తిరించి, తెల్లటి మౌంటు వేసి, ఒక్కో ప్రింటునీ కళాఖండంగా వేలాడదీసినప్పుడు ఆ నేల మరోసారి ఖాళీ అయింది.

ఆ సొరుగులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. హేడెన్ సర్వే ఆదివాసీ నెగటివ్‌లు 1879లో ఏర్పడ్డ ఎథ్నాలజీ బ్యూరో ద్వారా స్మిత్‌సోనియన్ మానవశాస్త్ర భాండాగారానికి చేరాయి. కొండలూ గీజర్లూ జియలాజికల్ సర్వే దగ్గరా, నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. 1871లో జాక్సన్ వెళ్లిన దారిని వరసగా చూడాలంటే ఒక్కచోట వెతికితే దొరకదు. రెండు వెబ్‌సైట్లు తెరిచి, సర్వే దినచర్యలోని తేదీలు, విడిది చేసిన చోట్లు దగ్గరపెట్టుకుని, ఒక్కో ప్లేటునీ దాని స్థానంలో కూర్చోబెట్టుకోవాలి. అప్పుడు యెల్లోస్టోన్ గీజర్లున్న వరసలోనే మెడిసిన్ లాడ్జ్ క్రీక్ కుటుంబం కూడా వస్తుంది.